కట్ట క్రింద నెవరున్నారు?

2019వ సంవత్సరము జనవరి 25వ తేదీ, శుక్రవారము. బ్రెజిలు దేశములోని మినాస్ జెరాయిస్ రాష్ట్రమున, బ్రుమాదిన్యో పట్టణమునకు చేరువనున్న యొక ఇనుపగనియొద్ద కూలీలును గుమాస్తాలును మధ్యాహ్న భోజనమునకు చేరుచుండిరి. 12 గంటల 28 నిమిషములకు వారి భోజనశాలకు ఎగువనున్న కట్ట కూలినది. 86 మీటర్ల యెత్తును 720 మీటర్ల పొడవును గల యా కట్ట రూపుచెడుటకు పది సెకనులైనను పట్టలేదు. దాని వెనుక నిలిచిన బురదలో ముప్పాతిక భాగము, అనగా సుమారు 97 లక్షల ఘనమీటర్లు, అయిదు నిమిషములలోపల లోయలోనికి దిగిపోయినది. భోజనశాల పోయెను, కార్యాలయము పోయెను, దిగువనున్న ఇండ్లు, తోటలు పోయెను, పరవోపెబ నది యెఱ్ఱబాఱెను. 270 మంది మృతినొందిరి. మృతులలో నిరువురు గర్భవతులు; కావున బంధువులు ఆ సంఖ్యను 272గా లెక్కించుచున్నారు.

ఇంతవరకు ఘోరమైన వార్త. దీనికంటె ఘోరమైనది మరియొకటి కలదు. ఆ కట్ట ప్రమాదకరమైనదని ప్రభుత్వపు చిట్టాలో నెచ్చటను వ్రాసియుండలేదు. అందు ఆ కట్టకెదురుగా రెండు మాటలుండెను. కూలుటకు గల అవకాశము: స్వల్పము. కూలినచో కలుగు నష్టము: అధికము. అంతకు నాలుగు నెలలు పూర్వము, 2018 సెప్టెంబరులో, కట్ట స్థిరముగా నున్నదని యొక పరీక్షకసంస్థ వ్రాసియిచ్చిన యోగ్యతాపత్రము కూడ నుండెను. కాగితములన్నియు సక్రమముగనే యున్నవి. కట్ట మాత్రము నిలువలేదు.

దూరదేశపు దుర్ఘటనను తవ్వి చూపి పాఠకుల మనస్సు కలచుట మా యుద్దేశము కాదు. ఒక కట్టను ఏ తరగతిలో చేర్చవలెనో నిర్ణయించు నధికారము ఎవరిది, ఆ నిర్ణయమునకు ఆధారమేమి, దానిని తెలిసికొను హక్కు ఎవరికి గలదు అను మూడు ప్రశ్నలు బ్రెజిలుకు మాత్రమే సంబంధించినవి కావు. గనులున్న ప్రతి దేశమునకును, బూడిదచెరువులున్న ప్రతి జిల్లాకును ఇవి సంబంధించినవి. అందుచేత నీ విషయమును కొంచెము విపులముగా విచారింపబూనితిమి.

మొదట ఈ కట్ట యెట్టిదో తెలిసికొనవలెను. గనినుండి తీసిన రాతిని పిండిగా నూరి, నీటితో కలిపి, అందలి లోహమును గ్రహించిన పిమ్మట మిగులు పిప్పిని టెయిలింగ్స్ అందురు. ఈ పిప్పి ఒక్కొక్కచోట తవ్వితీసిన రాతిలో అత్యధిక భాగమై యుండును. దానిని బురదగా గొట్టములలో పారించి, లోయకడ్డముగా కట్ట వైచి, దాని వెనుక నిలువచేయుదురు. మనము దీనిని పిప్పిచెరువు అందము.

మన దేశమున చెరువుకట్ట నెఱుగని పల్లె లేదు. కట్టను మన్నుతోను రాతితోను గట్టిపరచి కట్టుదురు. నీరు మించినపుడు అలుగు పాఱును. తూము విప్పినచో నీరు పొలమునకు పోవును. వేసవిలో చెరువు వట్టిపోయినపుడు కట్టకు విశ్రాంతి దొరకును. పూడిక తీసి, గండ్లు పూడ్చుకొనుటకు ఊరివారికి వ్యవధి కలుగును. పిప్పిచెరువునకు ఈ సదుపాయములేవియు లేవు. దాని బరువు ఏటికేడు పెరుగుటయే గాని తరుగుట యుండదు. గని మూతపడిన తరువాతను, యజమాని పేరు జనులు మఱచిన తరువాతను ఆ కట్ట ఆ బరువును మోయవలసినదే. చెరువు ఊరికొఱకు కట్టినది. కావున ఊరు దానిని కాపాడుకొనును. పిప్పిచెరువు లాభము తీసికొనిన పిదప మిగిలిన దానికొఱకు కట్టినది; కావున దానిపై వ్యయమగు ప్రతి రూపాయయు యజమానికి దండుగగానే తోచును. ఈ భేదము మఱువరానిది.

మరియొక భేదము కలదు. బ్రుమాదిన్యో కట్టను ఒకేసారి కట్టలేదు. 1976లో ప్రారంభించి 2013 వరకు అంచెలంచెలుగా నెత్తు పెంచిరి. పెంచుట యెట్లు? పాతకట్టకు వెలుపలివైపున క్రొత్తగా మన్ను పోసి కాదు. లోపలివైపున, అంతకుముందు నిలువచేసిన బురద కొంత యారిన పిమ్మట, ఆ బురదపైననే తరువాతి మెట్టును నిలిపిరి. ఎగువకు పెంచు పద్ధతి యని దీనికి పేరు. ఇది మిక్కిలి చవుక, మిక్కిలి అపాయకరము. ఏటి యొడ్డున తడియిసుకపై నిలిచి పాదములు కదలించిన బాలునికి ఇందలి మర్మము తెలియును. అంతవరకు గట్టిగా నుండిన నేల క్షణములో జావయగును. కట్టలోపలి నీరు బయటికి పోవు మార్గము సరిగా లేనపుడు, వర్షములు దానికి తోడైనపుడు, భూకంపమే రానక్కఱలేదు. తన బరువుచేతనే తాను కరిగిపోవును. బ్రుమాదిన్యోలో జరిగినది ఇదియేనని నిపుణుల సంఘము 2019 డిసెంబరులో తేల్చినది. కూలుటకు ముందు కంటికి కనబడు సూచనలేవియు లేవనికూడ వారు చెప్పిరి. పైచూపునకు చెక్కుచెదరని కట్ట లోపల డొల్లయై యుండవచ్చునని దీని యర్థము. అనగా, కట్టపై నడచి చూచి "బాగున్నది" అని వ్రాసిపోవు తనిఖీకి ఈ విషయమున విలువ స్వల్పము.

ఇక వర్గీకరణ సంగతి. కట్టను గూర్చి రెండు వేఱువేఱు ప్రశ్నలు వేయవలెను. కట్ట యెంత బలహీనముగా నున్నదనునది మొదటిది. కట్ట కూలినచో నెవరికేమగుననునది రెండవది. జనులు ఈ రెంటిని తఱచుగా కలిపివేయుదురు. యజమానులు కలిపివేయుటను మెత్తురు. మరుగుచున్న కాగు జనములేని పెరటిలో నున్నచో నొక సంగతి. పసిపిల్లలాడు వసారాలో నున్నచో మరియొక సంగతి. కాగు మాఱలేదు, నీరు మాఱలేదు, చేరువనున్నవారు మాఱిరి. రెండవ ప్రశ్నకు సమాధానము కట్టలో లేదు. కట్ట క్రింద నున్నది.

ఈ రెండవ ప్రశ్ననే ప్రధానముగ గ్రహించి, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము, గనుల సంస్థల అంతర్జాతీయ మండలి, బాధ్యతాయుత పెట్టుబడిదారుల సంఘము కలిసి 2020 ఆగస్టు 5న ఒక ప్రపంచ ప్రమాణమును ప్రకటించినవి. దాని ప్రకారము కట్టలు అయిదు తరగతులు. దిగువన అపాయమునకు లోనగువారు ఎవరును లేకున్నచో స్వల్పము; పదిమంది వరకున్నచో గణనీయము; నూఱుగురి వరకు అధికము; వేయిమంది వరకు అత్యధికము; వేయికి మించినచో పరమావధి. జనసంఖ్యయేగాక నీరు, నేల, జీవనోపాధి మున్నగువానికి కలుగు నష్టమును కూడ ఎంచి, అందు నెక్కువ తరగతినే గ్రహింపవలెను. తరగతి పెరిగినకొలది కట్ట తట్టుకొనవలసిన వరదయు పెరుగును. స్వల్ప తరగతి కట్టకు 200 ఏండ్లకొకసారి రాదగిన వరద చాలును; పరమావధి తరగతి కట్టకు 10,000 ఏండ్లకొకసారి రాదగిన వరదకు తట్టుకొను బలము వలెను. కావున తరగతి యనునది చిట్టాలో వ్రాయు మాట మాత్రమే కాదు. తరగతి ఒక మెట్టు తగ్గినచో యజమానికి వ్యయము తగ్గును. ఆ తగ్గిన వ్యయము మేర దిగువవారికి అపాయము హెచ్చును. తరగతిని నిర్ణయించు కలమునకు ఇంత బరువు కలదు.

ఆ కలము ఎవరి చేతిలో నున్నది? పలుదేశములలో యజమాని చేతిలోనే యున్నది. కట్ట తెగినచో బురద ఎంతదూరము పాఱునో లెక్కవేయించువాడు అతడు. ఆ దారిలో ఎందఱున్నారో లెక్కించువాడు అతడు. ఆ లెక్కను పరీక్షించు నిపుణుని ఎన్నుకొనువాడును, ఫీజు చెల్లించువాడును, వచ్చు సంవత్సరము మరల పిలువవలెనో వద్దో నిశ్చయించువాడును అతడే. పరీక్షకు కూర్చుండిన విద్యార్థి పరీక్షకుని తానే నియమించి, తానే జీతమిచ్చి, మార్కులు తక్కువయైనచో మరియొకని చూచుకొందునన్నట్లున్నది ఈ యేర్పాటు. నిపుణులు అవినీతిపరులని మేమనము. సత్పురుషులు కూడ ఇట్టి యేర్పాటులో మెత్తబడుదురనియే మా వాదము. బ్రుమాదిన్యో కట్ట లోపలి బురద జావయగు నవకాశమును లెక్కించినపుడు వచ్చిన భద్రతాంకము 1.09, ఉండదగినది 1.3 అని నిపుణుల మతము. 1 అనగా కట్టయు దాని బరువును సరిసమానముగ తూగుచున్నవన్నమాట. అంతకు తగ్గినచో కూలుటయే. ఆ 1.09కి పైననే స్థిరతాపత్రము వెలువడినది. ఈ విషయమున నేరస్థులెవరో నిర్ణయించుట న్యాయస్థానముల పని. అందు మేము చొరము. నేరమెవరిదైనను, ఏర్పాటులోని లోపము మాత్రము ఎల్లరకును కనబడుచున్నది.

మరియొక సంగతి. కట్ట తెగినచో భోజనశాలయు కార్యాలయమును మునిగిపోవునని ఆ సంస్థవారి స్వంత అత్యవసర ప్రణాళికలోనే వ్రాసియుండెను. నష్టము అధికమని వారికి తెలియును. తెలిసియు భోజనశాలను కదల్చలేదు. ఏలయనగా రెండవ గడిలో "స్వల్పము" అని యున్నది గదా! ఈ విధముగ ఒక మాట మరియొక మాటను మింగివేసినది. మృతులలో నధికసంఖ్యాకులు ఆ సంస్థ ఉద్యోగులు, కంట్రాక్టు కూలీలు. ఆపద వచ్చినపుడు మ్రోగవలసిన హెచ్చరిక కొమ్ములు మ్రోగలేదు. అంతకు మూడేండ్లు పూర్వము, 2015 నవంబరు 5న, అదే రాష్ట్రములో ఫుందావ్ అను మరియొక పిప్పిచెరువు తెగి 19 మంది మరణించిరి. బెంతో రొద్రిగెస్ అను పల్లె బురదలో కలిసిపోయెను. ఆ కట్ట సమార్కో సంస్థది. సమార్కోలో సగము వాటా బ్రుమాదిన్యో గని యజమానియైన వాలె సంస్థది. ఆనాడు ఆ పల్లెలో హెచ్చరిక కొమ్ములే లేవు. ఒక స్త్రీ మోటారుసైకిలుపై వీధులవెంట కేకలు వేయుచు తిరిగి జనులను మేల్కొలిపినది. బురద దోసె నదిలో పడి, వందలాది కిలోమీటర్లు పాఱి, అట్లాంటికు సముద్రమును చేరినది. దోసె యనగా తీయనిది. వాలె సంస్థ 1942లో ప్రభుత్వసంస్థగా స్థాపితమైనపుడు ఈ తీయని నది పేరునే పెట్టుకొనినది, 1997లో ప్రయివేటుపరమైనది. నది పేరు పెట్టుకొనిన సంస్థ భాగస్వామ్యములోని కట్టయే ఆ నదిని చెఱచినది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొందురని మన సామెత. ఇచట చేతులు కాలిన తరువాతను ఆకులు పట్టుకొనలేదు.

ఇట్టి దుర్ఘటన జరిగినపుడెల్ల యజమానులు దైవముపై భారము వేయుట పాతకథ. 1972 ఫిబ్రవరి 26న అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున బఫలో క్రీక్ లోయలో బొగ్గుగని వ్యర్థములతో కట్టిన కట్ట వర్షమునకు తెగి 125 మంది చనిపోయిరి. నాలుగు దినములు ముందుగా ప్రభుత్వ తనిఖీదారు ఆ కట్టను చూచి తృప్తికరమనెను. తెగిన పిమ్మట గనిసంస్థవారు అది దైవకృతమనిరి. వర్షము దైవాధీనమగు గాక, కట్ట మనుష్యాధీనము. వర్షము రానున్నదని తెలిసి చాలని కట్టను కట్టినవారు దైవమును సాక్షిగా పిలుచుట తగదు.

ప్రయివేటు యాజమాన్యమే సర్వానర్థములకు మూలమని మేము చెప్పబూనలేదు. 1966 అక్టోబరు 21న వేల్సు దేశములోని అబెర్‌ఫాన్ గ్రామమున బొగ్గుగుట్ట జాఱి పాఠశాలపై పడి 116 మంది బాలబాలికలతో సహా 144 మంది మడసినపుడు, ఆ గుట్టకు యజమాని ప్రభుత్వ బొగ్గు మండలియే. యజమాని ప్రభువైనను వర్తకుడైనను బురద యొక్కటే. అయినను ప్రయివేటు యాజమాన్యమున కొక ప్రత్యేకమైన దోషము కలదు. కట్ట శాశ్వతము, సంస్థ అశాశ్వతము. గని ముప్పది యేండ్లు తవ్వుదురు. కట్ట మూడు వందల యేండ్లు నిలువవలెను. సంస్థ చేతులు మాఱును, పేరు మాఱును, దివాలా తీయును. అప్పుడు బాధ్యత యెవరిని వెదకికొని పోవలెను?

దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటెయిన్ ఈ ప్రశ్నకు ప్రత్యక్షోదాహరణము. అది పాత వజ్రపుగని. గని మూతపడిన చాలకాలమునకు, నాడు పాఱవేసిన పిప్పిని మరల జల్లెడపట్టి వజ్రములు తీయు వ్యాపారము మొదలైనది. 2007లో అచటి న్యాయస్థానము, అట్టి పాత పిప్పికి దేశపు క్రొత్త ఖనిజచట్టము వర్తింపదని తీర్పు చెప్పినది. దానితో గనులశాఖవారు అది మా పరిధిలోనిది కాదనిరి. జలశాఖవారు 2020లో బురద పోయవలదని యొకసారి ఆజ్ఞాపించి, మఱుసటి యేడు ఆ యాజ్ఞను సడలించిరి. 2022 సెప్టెంబరు 11న ఉదయము కట్ట తెగి ఊరిలోని ఇండ్లను, గొడ్లను, మనుష్యులను ఊడ్చుకొనిపోయెను. ఇద్దఱు కావలివాండ్రుండగా ఒకరు మరియొకరున్నారని నిద్రించిన చందమైనది. చట్టములోని నిర్వచనమున నొక సందున్నచో, బురద ఆ సందులోనుండియే పాఱునని గ్రహింపవలెను.

ఇది చదివి, మన దేశమున ఇట్టి సందు లేదని తృప్తినొందువారుందురేమో. వారిని 2021 నాటి మన ఆనకట్టల భద్రతాచట్టమును తెఱచి చూడవలసినదిగ కోరుచున్నాము. అందు ఆనకట్ట యనగా నదికిగాని ఉపనదికిగాని యడ్డముగ, నీటిని నిలుపుటకో మరల్చుటకో కట్టిన నిర్మాణమని నిర్వచనము. పిప్పిచెరువు నీటికొఱకు కట్టినది కాదు. నదికడ్డముగనే యుండవలెనన్న నియమమును లేదు. ఆ నిర్వచనములో దానికి స్పష్టమైన స్థానము మాకు కానరాదు. గనుల నిబంధనలందును, పర్యావరణ అనుమతులందును కొన్ని షరతులున్నమాట నిజమే. కాని షరతులు వేఱువేఱు శాఖల దస్త్రములలో చెదరియున్నవి. ఏ కట్ట ఏ తరగతియో, దాని క్రింద నెందఱున్నారో యొక్కచోట చూపు పట్టిక ప్రజల కందుబాటులో లేదు. ఆ సంవత్సరమే నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య ఆనకట్ట వరదకు కొట్టుకొనిపోయి చెయ్యేటి యొడ్డు పల్లెలను ముంచినది. ఆ పల్లెలవారి కన్నీరు ఇంకకముందే, డిసెంబరులో, పార్లమెంటు ఈ చట్టమును పూర్తిచేసినది. నీటికట్టలకు ఈ పాటి రక్షణయైనను లభించినందులకు సంతోషింపవలసినదే. బురదకట్టల క్రింద నివసించువారు చేసిన పాపమేమి?

ఇది ఊహాపోహ కాదు. మధ్యప్రదేశములోని సింగ్రౌలి ప్రాంతమున విద్యుత్కేంద్రముల బూడిదచెరువులు 2019 ఆగస్టు 7న ఒకటి, అక్టోబరు 6న ఒకటి, 2020 ఏప్రిల్ 10న ఒకటి తెగినవి. ఒకటి ప్రభుత్వసంస్థది, రెండు ప్రయివేటు సంస్థలవి. కడపటిది సాసన్ కేంద్రమునది. అందు పసిపిల్లలు కూడ కొట్టుకొనిపోయిరి. బూడిదచెరువు గనిపిప్పి కాకపోవచ్చును; కాని మెత్తని పొడిని నీటితో కలిపి కట్ట వెనుక నిలువచేయుట రెండింటను సమానమే. ఇబ్రహీంపట్నము, రామగుండము, పాల్వంచ ప్రాంతముల వారికి బూడిదచెరువు అనగా నేమో మేము వివరింపనక్కఱలేదు. కడప జిల్లా తుమ్మలపల్లెయొద్ద యురేనియము కర్మాగారపు పిప్పిచెరువు కలదు. అది ప్రభుత్వరంగ సంస్థది. దాని యడుగున పరువవలసిన పొర సరిగా పరువలేదనియు, బోరునీరు చెడినదనియు చుట్టుపట్ల రైతులు ఏండ్లతరబడి మొఱపెట్టిరి, సంస్థవారు కాదనిరి. ఎవరి మాట నిజమో తేల్చుటకు ఉభయులకును నమ్మకమైన మధ్యవర్తి లేకపోవుటయే ఇచట ముఖ్యమైన కొఱత. ప్రభుత్వము తన కట్టలకొక న్యాయము, పరుల కట్టలకొక న్యాయము పాటించుట తగదు.

గని యజమానుల ఆక్షేపణలను కూడ ఆలకించుట ధర్మము. కట్టలను ఇంత దృఢముగ కట్టవలెనన్నచో గనులు గిట్టుబాటు కావందురు. పిప్పిలోని నీటిని పిండి, ఎండబెట్టి, గుట్టగా పేర్చు పద్ధతి యున్నది, అది వ్యయసాధ్యమే. కాని చవుకకట్టవలన మిగిలినదని చెప్పు ధనము నిజముగ మిగిలినది కాదు. అది దిగువవారి పేర వ్రాసిన అప్పు. బ్రుమాదిన్యో సంబంధమున 2021 ఫిబ్రవరి 4న ఆ సంస్థ మినాస్ జెరాయిస్ రాష్ట్రముతో చేసికొనిన ఒడంబడిక 3,768 కోట్ల రెయాలులది. ఆ సొమ్ములో స్వల్పాంశముతో భోజనశాలను కొండమీదికి మార్చియుండవచ్చును. పోయిన ప్రాణములకు ఒడంబడిక యెక్కడిది?

తరగతులను ప్రకటించినచో ప్రజలు భయభ్రాంతులగుదురని రెండవ యాక్షేపణ. ఇది ప్రజలను పసివారుగ నెంచు మాట. వానకాలపు రాత్రి దండోరా విని లాంతర్లు పట్టుకొని చెరువుకట్టపై జాగరము చేసిన జాతికి ఆపదను గూర్చి తెలియజెప్పినచో పరుగెత్తునని భయమా? తెలియనివాడే భయభ్రాంతుడగును, తెలిసినవాడు దారి వెదకికొనును. వ్యాపార రహస్యములు బయటపడునని మూడవ యాక్షేపణ. 2019లో ఇంగ్లండు చర్చి పింఛనుల మండలియు స్వీడను దేశపు పింఛను నిధులును కలిసి ఏడు వందలకు పైగా గనిసంస్థలకు లేఖలు వ్రాసి, మీ కట్టలెట్టివో ప్రకటింపుడని యడిగిరి. 2020 జనవరిలో 1,700కు పైగా కట్టల వివరములు ప్రపంచమున కెల్ల తెలియునట్లు వెలువడినవి. అందువలన గనులు మూతపడలేదు. సంవత్సరములు గడచినను ప్రభుత్వములు రప్పింపలేని సమాధానములను, వాటాదారు ఒక యుత్తరముతో రప్పింపగలిగెను. ధనము పెట్టినవానికి చెప్పిన మాటను ప్రాణము ఒడ్డినవానికి చెప్పరాదా?

ప్రపంచ ప్రమాణమును మేము తక్కువచేసి చెప్పము. కాని అది చట్టము కాదు, ఒప్పుకొనినవారినే బంధించును. గనుల మండలిలోని సంస్థలు తమ పెద్ద తరగతుల కట్టలకు 2023 ఆగస్టు 5, తక్కినవానికి 2025 ఆగస్టు 5 గడువుగ పెట్టుకొనినవి. మండలిలో చేరని చిన్న యజమానికి ఏ గడువును లేదు. యాగర్స్‌ఫాంటెయిన్ వంటివి కూలునది అచటనే. కావున చట్టమే శరణ్యము. బ్రెజిలు 2020 సెప్టెంబరు 30 నాటి చట్టముతో ఎగువకు పెంచు కట్టలను నిషేధించినది. కట్ట తెగిన అరగంటలో బురద చేరు ప్రదేశమును, లేక పది కిలోమీటర్ల దూరమును, ఏది యెక్కువైన దానిని గ్రహించి, అందు జనులు నివసించుచున్నచో క్రొత్త కట్ట కట్టరాదనినది. అరగంట యేల? అంతలోపల ఏ యధికారియు వచ్చి రక్షింపలేడు గనుక. రక్షింపలేని చోట జనుల నెత్తిన కట్ట పెట్టకుండుటయే రక్షణ. ఈ సూత్రము మన దేశమునకును గ్రాహ్యము.

ఇక మా సూచనలు. మొదటిది: ఆనకట్టల భద్రతాచట్టమును సవరించి పిప్పిచెరువులను, బూడిదచెరువులను, యజమాని యెవరైనను, పేరుపెట్టి అందు చేర్చవలెను. రెండవది: కట్ట తరగతిని నిర్ణయించు నధికారము యజమానినుండి తొలగించి ప్రజాసంస్థకు ఒప్పగింపవలెను. యజమాని ఫీజును ఆ సంస్థ నిధికి చెల్లించుగాక. నిపుణుని ఎన్నుకొనుట మాత్రము ఆ సంస్థ పని. మూడవది: రెండు గడులలో నేది పెద్దదైన దానినిబట్టియే జాగ్రత్తలు నిర్ణయింపవలెను, "కూలదు" అను మాట "కూలినచో" అను మాటను రద్దుచేయరాదు. నాలుగవది: కట్ట తరగతి, బురద పాఱు దారి, తప్పించుకొను దారి తెలుపు పటమును తెలుగులో అచ్చొత్తించి, దిగువనున్న ప్రతి గ్రామపంచాయతీ గోడకు అంటింపవలెను, ఏటేట గ్రామసభలో చదివి వినిపింపవలెను, కొమ్ములు మ్రోగించి చూపవలెను. కట్టకు తూట్లు పడినవని చెప్పిన కూలివాని యుద్యోగము పోకుండ చట్టము కాపాడవలెను. అయిదవది: గని మూతపడిన పిదప కట్టను కాపాడుటకు కావలసిన ధనమును, గని తవ్వుటకు పూర్వమే ధరావతుగ కట్టింపవలెను. లాభము చేతిలో నున్నపుడు ఇయ్యనివాడు దివాలా తీసిన పిదప ఇచ్చునా?

ఇందసాధ్యమైన కోరిక యేదియు లేదు. యజమానులు సత్యసంధులైనచో వారికే మేలు. ప్రజల విశ్వాసము వారికి దక్కును. కానిచో వారిని నియమింపవలసినది ప్రభుత్వము. మన పల్లెలకు ఇనుము వలెను, విద్యుచ్ఛక్తి వలెను. మేము గనులకు శత్రువులము కాము. తీసికొనిన సారమునకు లెక్క చెప్పినట్లే విడిచిన పిప్పికిని లెక్క చెప్పుమనుటయే మా వాదము.

బ్రుమాదిన్యోలో ఆ మధ్యాహ్నము కూలివాండ్రు భోజనశాలలో కూర్చుండినపుడు వారికి ఎగువన నేమున్నదో తెలియును; కాని ఆ కట్టను గూర్చి కాగితముపై ఎవరేమి వ్రాసిరో తెలియదు. తెలిసియున్నచో వారిలో నొక్కడైనను లేచి, ఈ భోజనశాల ఇక్కడ నేల యున్నదని యడిగియుండెడివాడు. మన పాఠకులలో ఏ కట్టకైనను దిగువన కాపురమున్నవారు, వచ్చు గ్రామసభలో నిలిచి ఆ యొక్క ప్రశ్న యడుగుదురుగాక: మా నెత్తినున్న కట్ట ఏ తరగతిది, ఆ తరగతి నిర్ణయించినదెవరు, మా ఊరు లెక్కలోనికి వచ్చినదా? సమాధానము రానిచో మరల యడుగుదురుగాక. ప్రభుత్వమువారు ఆ ప్రశ్నకు వ్రాతమూలకముగ సమాధానమిచ్చు వఱకు మేమును అడుగుట మానము.